వాచీ కొనడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు బటన్ల వాచీకి లక్షలు పెట్టొచ్చా?

పోయిన పాఠంలో కీ ఇచ్చే వాచీ, ఆటోమేటిక్, బ్యాటరీ వాచీ, ఈ మూడింటికీ తేడా చూశాం. ఇంట్లో ఉన్న వాచీని వారం రోజులు ఫోన్ టైముతో పోల్చి రోజుకి ఎన్ని సెకన్లు తప్పుతోందో కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఒకచోట దానితో పని పడుతుంది. రాయనివాళ్లు ఇవాళ రాత్రి మొదలుపెట్టండి, ఇంకేం చేస్తాం.

ఇవాళ క్రోనోగ్రాఫ్. కీకి పైనొకటి కిందొకటి బటన్లుండి, పెద్ద డయల్ లోపల మళ్లీ రెండో మూడో బుల్లి డయల్స్ ఉంటాయే, అది. పేరు చూసి కంగారు పడక్కర్లేదు, వాచీలోనే ఒక స్టాప్‌వాచ్ ఇరికించారు, అంతే సంగతి. దీన్ని క్రోనోమీటర్‌తో కలిపేసేవాళ్లు చాలామంది, షోరూముల్లో అమ్మేవాళ్లు కూడా కలిపేస్తుంటారు. క్రోనోమీటర్ అంటే టైము కచ్చితంగా చూపిస్తుందని పరీక్ష పాసైన వాచీ, దానికి బటన్లు ఉండనక్కర్లేదు. మరి దీనికి "గ్రాఫ్" అని ఎందుకొచ్చిందంటే మొదట్లో అది నిజంగానే రాసేది కాబట్టి. 1821లో పారిస్ గుర్రప్పందాల దగ్గర నికొలా రియుసెక్ అనే గడియారాల పనివాడు వాడి చూపించిన యంత్రం, గుర్రం గీత దాటినప్పుడల్లా డయల్ మీద సిరా చుక్క పెట్టేది. సిరా పోయింది, పేరు మిగిలింది.

ముందు దాన్ని చదవడం రావాలి. మధ్యలో పొడుగ్గా ఉన్న సెకన్ల ముల్లు మామూలుగా 12 దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది, ఎందుకంటే అది స్టాప్‌వాచ్ ముల్లు. అసలు సెకన్లు ఒక బుల్లి డయల్‌లో వాటి మానాన అవి తిరుగుతుంటాయి. నేను మొదటిసారి ఇలాంటి వాచీ పెట్టుకుని పెళ్లికి వెళ్తే మా పెదనాన్న నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, "ఏరా, అంత పోసి కొన్నావు, ఆగిపోయింది చూసుకోలేదా" అన్నారు. ఎంత చెప్పినా నమ్మలేదు, ఆయన చేతికున్న హెచ్‌ఎంటీలో సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది మరి. పై బటన్ నొక్కితే పొడుగు ముల్లు బయల్దేరుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్ నొక్కితే 12కి వచ్చేస్తుంది. ముల్లు తిరుగుతుండగా కింది బటన్ నొక్కకండి. అందుకోసమే చేసిన ఫ్లైబ్యాక్ అనే రకం వేరే ఉంది, మామూలు దాంట్లో ఆ పని బలవంతంగా చేస్తే లోపల ఏదో ఒకటి వంగుతుంది.

అంచు చుట్టూ ఉండే అంకెలు టాకీమీటర్, గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగమో చెప్పే స్కేలు. లెక్క చాలా తేలిక, 3600ని సెకన్లతో భాగించడమే. అవుటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తూ ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కి, తర్వాతి రాయి దగ్గర మళ్లీ నొక్కితే, 45 సెకన్లు పట్టిందనుకోండి, ముల్లు 80 దగ్గర ఆగి ఉంటుంది. 36 సెకన్లయితే 100. ఇది పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చేసే పని, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కాదు. కిలోమీటరుకి నిమిషం దాటితే ఆ స్కేలు పని చెయ్యదు, కాబట్టి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో దాన్ని అలంకారం అనుకోండి.

ఇక అసలు ప్రశ్న. దీనికి లక్షలు పెట్టొచ్చా? ఒక నిజమైన వాచీని ముందు పెట్టుకుని మాట్లాడుకుంటేనే తెలుస్తుంది, అందుకే ఒమెగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ తీసుకుంటున్నాను, చంద్రుడి మీదికి వెళ్లిన వాచీ అని చెప్తారే, అదే. ఆ మాట అబద్ధం కాదు. 1957లో కారు రేసుల కోసం అమ్మకానికి తెచ్చారు, నాసా వాళ్లు కొన్ని కంపెనీల వాచీలు తెప్పించి వేడిలో, చలిలో, గాలి లేనిచోట పెట్టి, కుదిపి చూస్తే ఇదొక్కటే నిలబడింది, 1965 మార్చి 1న ఆమోదించారు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని ల్యాండర్‌లోనే వదిలి దిగాడు, ల్యాండర్‌లో ఉన్న గడియారం పాడవడంతో. దాంతో చంద్రుడి నేల మీద వాచీ పెట్టుకున్న మొదటివాడు ఆల్డ్రిన్ అయ్యాడు. ఏడాది తిరక్కుండానే, దారిలో ప్రమాదంలో పడ్డ అపోలో 13లో ఇంజిను 14 సెకన్లు మండించాల్సి వచ్చినప్పుడు వ్యోమగామి స్విగర్ట్ చేతి వాచీతోనే టైము చూశాడు. క్రోనోగ్రాఫ్ అనే వస్తువు పుట్టినందుకు ఇంతకన్నా పెద్ద పని చేసి ఉండదని నా అభిప్రాయం.

సరే, కానీ మీరు కొనేది ఆ వాచీ కాదు కదా. ఆల్డ్రిన్ వాచీలో ఉన్న యంత్రం కాలిబర్ 321, కాలిబర్ అంటే లోపలి యంత్రం మోడల్. 1968లోనే దాన్ని తీసేసి 861 పెట్టారు, దాని వంశంలోంచి 1861 వచ్చింది, 2021 నుంచి మామూలు మూన్‌వాచ్‌లో వస్తున్నది 3861. కాబట్టి షోరూములో మీ చేతికి పెట్టేది మనవడిని. తాత చేసిన పనికి మనవడికి ఎంత కట్నం ఇవ్వొచ్చో మీరే చూసుకోండి. నిజానికి ఈ మనవడు బుద్ధిమంతుడే, రోజుకి 0 నుంచి 5 సెకన్ల లోపే ముందుకి పోవాలనే పరీక్ష పాసై వస్తాడు, 15,000 గాస్‌ల అయస్కాంతం దగ్గర పెట్టినా తడబడడు, ఒకసారి నిండా కీ ఇస్తే 50 గంటలు నడుస్తాడు. ఇప్పుడు మీ కాగితం తియ్యండి. మీ బ్యాటరీ వాచీ వారానికి రెండు మూడు సెకన్లు తప్పి ఉంటుంది, అంటే లక్షల వాచీ కన్నా అదే కచ్చితం. అందుకే, టైము కోసం లక్షలు పెడుతున్నానని మాత్రం ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా ఇంట్లో.

మరి డబ్బు ఎక్కడికి పోతోంది? కొంత యంత్రానికి, కొంత కథకి, కొంత పేరుకి. యంత్రం వాటా ఎంతో తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, "లోపల ఏ కాలిబర్?" అని. ఆ నంబరు రాసుకుని ఇంటికొచ్చి వెతకండి. వాల్జూ 7750 అనే యంత్రం 1970లలో వచ్చింది, అప్పటినుంచీ అదే యంత్రం, లేదా దానికి మెరుగులు దిద్దిన రూపం, హామిల్టన్‌లోనూ ఉంది, ఎన్నో బ్రైట్లింగ్, ఐడబ్ల్యూసీ వాచీల్లోనూ ఉంది. ఒకదానికి ఇంకోదానికి ధర రెట్లలో తేడా. మెరుగులు నిజమే, ఊరికే అనట్లేదు, కానీ ఎంత మెరుగుకి ఎంత డబ్బు అని అడిగే హక్కు మనకుంది.

కాలమ్ వీల్, క్యామ్ అనే మాటలు కూడా వినపడతాయి. బటన్ నొక్కగానే ముల్లుకి "వెళ్లు, ఆగు" అని చెప్పే భాగం లోపల ఒకటుంటుంది కదా, అది చక్రం మీద బుల్లి స్తంభాలు నిలబెట్టినట్టు ఉంటే కాలమ్ వీల్, రేకు కోసి చేసిన మీటలా ఉంటే క్యామ్. మొదటిది చెయ్యడం కష్టం, ఖర్చు ఎక్కువ, నొక్కుడు మెత్తగా ఉంటుంది. రెండోది మొరటుగా అనిపించినా మన్నుతుంది. క్యామ్ అనగానే మొహం చిట్లించేవాళ్లకి చెప్పండి, ఇందాకటి 3861 కూడా క్యామే. పైగా చైనా వాళ్ల సీగల్ ఎస్‌టీ19 కాలమ్ వీల్‌తో, కీ ఇచ్చే పద్ధతిలో, వేలల్లోనే దొరుకుతుంది.

ఇప్పుడు ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు పని, కౌంటర్ దగ్గర బటన్ నొక్కడం. నేను ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సెకండ్‌హ్యాండ్ క్రోనోగ్రాఫ్ కొన్నాను, అమ్మినాయన "నిన్ననే సర్వీసయింది సార్" అన్నాడు, నేను పై బటన్ నొక్కి ఓ ఇరవై సెకన్లు ముల్లు తిరగడం చూసి మురిసిపోయి డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చాక కుక్కర్ పెట్టి, పప్పు ఉడికేలోపు చూద్దామని బటన్ నొక్కాను. పొడుగు ముల్లు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, నిమిషాలు లెక్కపెట్టే బుల్లి ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. మూడు విజిల్స్ వచ్చాయి, అది కదల్లేదు. కింది బటన్ నొక్కితే పొడుగు ముల్లు వెనక్కి వచ్చి 12 దాటి రెండు గీతల అవతల కూర్చుంది. రిపేరుకి అయిన ఖర్చుతో ఇంకో కొత్త బ్యాటరీ క్రోనోగ్రాఫ్ వచ్చేది.

కాబట్టి ఇలా చెయ్యండి. వాచీని చెవి దగ్గర కాకుండా కంటి దగ్గర పెట్టుకుని, ముల్లు కొనకి ఎదురుగా చూస్తూ పై బటన్ నొక్కండి. ముల్లు బయల్దేరేటప్పుడు తడబడిందా, ఒక్క గెంతు గెంతిందా చూడండి. స్టాప్‌వాచ్‌ని యంత్రానికి కలిపే భాగం క్లచ్, పాత పద్ధతి క్లచ్ ఉన్నవాటిలో రెండు చక్రాల పళ్లు అప్పుడే కలుస్తాయి కాబట్టి కొద్దిగా అదరడం మామూలే, వర్టికల్ క్లచ్ ఉన్నవాటిలో అదీ ఉండకూడదు. 60 సెకన్లు దాటగానే నిమిషాల ముల్లు సరిగ్గా ఒక గీత జరగాలి. అలా పూర్తిగా 31 నిమిషాలు నడవనివ్వండి, 30 నిమిషాల డయల్ ఒక చుట్టు ముగించి రెండోది మొదలుపెట్టడం మీ కళ్లతో చూడాలి. అమ్మేవాళ్లు ఇబ్బందిగా చూస్తారు, చూడనివ్వండి, పెళ్లి చీర కొనేటప్పుడు అరవై చీరలు విప్పించలేదా. తర్వాత ఆపి, కింది బటన్ నొక్కితే ముళ్లన్నీ సున్నా మీద కూర్చోవాలి, వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నా ఇంకో వాచీ చూపించమనండి. ఇదే పని ఐదారుసార్లు చెయ్యండి.

డబ్బు లెక్క కూడా వేద్దాం. వాచీ ఏడు లక్షలు, ఐదేళ్లకి అమ్మితే డెబ్బై శాతం వస్తుంది, మధ్యలో ఒక సర్వీసుకి అరవై వేలు, ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలే, మీ వాచీకి మీ అంకెలు వేసుకోండి. పోయింది రెండు లక్షల పదివేలు, సర్వీసుతో కలిపి రెండు లక్షల డెబ్బై వేలు, అంటే నెలకి 4,500, రోజుకి 150. రోజూ పెట్టుకుని, రోజూ చూసుకుని సంతోషపడేవాళ్లకి ఇది పెద్ద ఖర్చేం కాదు. కానీ ఏడాదికి ఇరవై ఫంక్షన్లకి మాత్రమే బీరువాలోంచి తీసేవాళ్లకి ఒక్కోసారి పెట్టుకున్నందుకు 2,700 పడుతుంది, ఆ డబ్బు ఎఫ్‌డీలో ఉంటే వచ్చే వడ్డీ ఇందులో కలపలేదు. సర్వీసు మర్చిపోవద్దు, మెకానికల్ క్రోనోగ్రాఫ్‌ని ఐదు నుంచి ఎనిమిదేళ్లకోసారి పూర్తిగా విప్పాలి, మామూలు వాచీ కన్నా భాగాలు ఎక్కువ కాబట్టి బిల్లూ ఎక్కువే.

"వాచీ పెట్టుబడి కదా, ధర పెరుగుతుంది" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, సాధారణంగా బావగారు. వాళ్లు చెప్పే ఉదాహరణ రోలెక్స్ డేటోనా, 2017లో ఒకటి వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకి పోయింది. పోయింది నిజమే, కానీ అది హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంత వాచీ, వెనకాల ఆయన భార్య చెక్కించిన మాటలున్నాయి. మన వాచీ వెనక అలాంటివేం లేవు.

పన్నుల సంగతి త్వరగా ముగిస్తాను. రెండు లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి. వాచీ పది లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటున్నారు, అది అదనపు ఖర్చు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే యూరప్ దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం ఏటేటా కొంత కొంత తగ్గుతూ పోవాలి, కాబట్టి తొందర లేనివాళ్లు ధరల పట్టిక మారిందేమో అడిగి చూడండి. దుబాయ్ బాబాయి చేతికి పెట్టుకుని తెచ్చేస్తాడు అనే ప్లాను మాత్రం వద్దు, కస్టమ్స్ దగ్గర చెప్పకుండా దాటడం నేరం, చెప్తే సుంకం ఎలాగూ కట్టాలి.

హోంవర్క్ రెండు భాగాలు. మొదటిది, బ్యాటరీతో నడుస్తూ స్టాప్‌వాచ్ భాగం మాత్రం మెకానికల్‌గా ఉండే మెకా-క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లు కొన్ని వేలకే వస్తాయి, సీకో వీకే63, వీకే64 యంత్రాలున్నవి చూడండి, ఒకటి కొనో, స్నేహితుడి దగ్గర అడిగో నెల రోజులు పెట్టుకోండి. టీ మరిగేటప్పుడు, పిల్లలు పరిగెత్తేటప్పుడు, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు బటన్ ఎన్నిసార్లు నొక్కారో రోజూ రాయండి. మొదటివారం ఇరవై ముప్ఫైసార్లు ఉంటుంది, అది లెక్కలోకి తీసుకోవద్దు, నాలుగో వారం అంకె చూడండి. అది సున్నా అయితే మీకు కావాల్సింది క్రోనోగ్రాఫ్ కాదు, మూడు ముళ్ల మంచి వాచీ, సగం ధరకి వస్తుంది, 2వ పాఠం మళ్లీ చదవండి.

రెండోది, ఈ వారం ఏదైనా షోరూముకి వెళ్లి 31 నిమిషాల పరీక్ష ఒకసారి చెయ్యండి. లోపల ఏసీ ఉంటుంది, కాఫీ ఇస్తారు. క్రెడిట్ కార్డు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.