జపాన్ వెళ్తున్నారా? పెట్టె మీరే సర్దుకోండి

పోయిన నెల మా పిన్ని కొడుకు టోక్యోలో దిగాడు. కస్టమ్స్ దగ్గరే రెండు గంటలు కూర్చోబెట్టారు. పెట్టెలో చికెన్ పచ్చడి సీసా ఉందట. ఆ సంగతి వాడికే తెలియదు. అక్కడ అన్నంలోకి ఏమీ దొరకదని పిన్ని ప్యాంట్ల మధ్య పెట్టింది. సీసా తీసేసుకుని వదిలేశారు కాబట్టి సరిపోయింది. చట్టం ప్రకారం మూడేళ్ళ జైలు లేదా 30 లక్షల యెన్‌ల జరిమానా దాకా పడొచ్చు. ఇంట్లో చేసుకున్నది, అమ్మడానికి కాదు అంటే కుదరదు. కోడి, మేక, రొయ్యలు కలిపిన మిక్స్‌డ్ పచ్చడైనా అంతే, మాంసం ఉంటే వద్దు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా పెట్టుకోవద్దు. పొరపాటున వచ్చిందని తెలిస్తే వాళ్ళు అడక్కముందే చెప్పండి.

పచ్చడి కన్నా నాకు మందులంటేనే భయం. "జలుబు మాత్రలు నాలుగు పడెయ్" అంటాం కదా, అక్కడే వస్తుంది చిక్కు. ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ అనే మందు 10 శాతం దాటిన మాత్రలు ముందుగా అనుమతి లేకుండా జపాన్‌లోకి తీసుకెళ్ళకూడదు. మన దగ్గర జలుబు మాత్రల్లో అది ఉండొచ్చు, స్ట్రిప్ వెనక చదివితే గానీ తెలియదు. పేరు కనబడకుండా కత్తిరించిన స్ట్రిప్‌లు వద్దే వద్దు. బీపీ, షుగర్ మందులు నెల రోజులకు మించితే ముందే అనుమతి పత్రం తెచ్చుకోవాలి. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో ఉండాలి.

మళ్ళీ చెప్తున్నా, పెట్టె అమ్మతో, అత్తగారితో సర్దించుకోవద్దు.

ఇక మిగతావి. పాస్‌పోర్ట్ హోటల్‌లో వదలొద్దు, పోలీసులు అడిగితే చూపించాల్సిందే. రైల్లో ఫోన్ మాట్లాడొద్దు. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమ పక్క నిలబడతారు, ఒసాకాలో కుడి పక్క. ముందున్నవాళ్ళను చూసి నిలబడండి. వీధుల్లో చెత్తబుట్టలు దొరకవు, ఓ కవర్ ఉంచుకోండి. టిప్ ఇవ్వొద్దు. శాకాహారులు మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది) కూడా అడిగి తాగాలి, అందులో మామూలుగా చేపల రసం ఉంటుంది. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, అది చావు ఇంట్లో చేసే పని. అర్ధరాత్రి దాటితే రైళ్ళుండవు, టాక్సీకి జేబు ఖాళీ. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగితే భూకంపం హెచ్చరిక కావచ్చు. బయటికి పరుగెత్తొద్దు, బల్ల కిందికి దూరండి. అంబులెన్స్‌కి 119, పోలీసులకు 110.

బయల్దేరే ముందు రాత్రి, అమ్మ నిద్రపోయాక, పెట్టె ఇంకోసారి తెరిచి చూడండి.