డీ డ్రైవ్ మొత్తం షేర్ చేయకండి, ఒక ఫోల్డర్ చాలు

నిరుడు ఆఫీసులో ఒక్క ఫైల్ ఇవ్వాల్సి వచ్చి, తొందరలో డీ డ్రైవ్ మొత్తాన్నీ నెట్‌వర్క్ షేర్‌లో పెట్టేశాను. సాయంత్రం పక్క సీటు కుర్రాడు వచ్చి, "అన్నా, మీ ఆధార్ స్కాను, అమ్మగారి మెడికల్ రిపోర్టులు అన్నీ కనిపిస్తున్నాయి, చూసుకోండి" అన్నాడు. గుండె గుభేలుమంది.

అప్పటి నుంచి షేరింగ్‌కి విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకున్నాను, అందులోకి కావాల్సిన వాటి కాపీలే వెళ్తాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి రోజూ వాడే ఫోల్డర్లు అస్సలు వద్దు, ఎందుకంటే ఇవాళ ఏముందో చూసుకునే షేర్ చేస్తాం కానీ వచ్చే నెల అందులో ఏం పడేస్తామో మనకే గుర్తుండదు.

విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ అని వెళ్లండి. అక్కడ 'షేర్ దిస్ ఫోల్డర్' టిక్ చేసి పర్మిషన్స్ నొక్కితే ఎవ్రీవన్ అని ఉంటుంది, దానికి రీడ్ ఒక్కటే టిక్ చేసి ఉండాలి. అవతలివాళ్లకి తెరుచుకోకపోతే చాలామంది టెన్షన్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. దానివల్ల పని జరగదు. ప్రాపర్టీస్‌లోనే షేరింగ్ పక్కన సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకో అనుమతుల లిస్టు ఉంటుంది, రెండింట్లో ఏది తక్కువ అనుమతి ఇస్తే అదే చెల్లుతుంది, కాబట్టి ముందు అక్కడ చూడండి. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ (అంటే తెరవాలంటే మీ సిస్టమ్‌లోని యూజర్ పేరూ పాస్‌వర్డూ అడగడం) ఆపేయమని ఎవరైనా చెప్తే వినకండి. సిస్టమ్‌లో ఇంకో స్టాండర్డ్ యూజర్‌ని క్రియేట్ చేసి ఆ పేరూ పాస్‌వర్డూ ఇవ్వండి, మీ సొంతవి కాదు.

ఇంకో తికమక ఉంది. విండోస్‌లో నెట్‌వర్క్ 'పబ్లిక్' అని పెడితే అందరికీ కనిపిస్తుందని అనుకుంటారు, నిజానికి అప్పుడే మీ సిస్టమ్ మిగతావాళ్లకి కనిపించకుండా ఉంటుంది. ఇంట్లో ప్రైవేట్ పెట్టుకోండి, హోటల్ వైఫైలో, స్టేషన్ వైఫైలో పబ్లిక్.

బయట ఊళ్లో ఉన్నవాళ్లకి ఇవ్వాలంటే మాత్రం రౌటర్‌లో 445 పోర్ట్ (విండోస్ ఫైల్ షేరింగ్ వాడే దారి) తెరవొద్దు, దయచేసి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులు అడిగే వన్నాక్రై వైరస్ పాకింది ఈ పోర్ట్ మీదుగానే, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి అప్‌డేట్ ఇచ్చింది అదే ఏడాది మార్చిలో, అంటే రెండు నెలల ముందే. అందుకే అప్‌డేట్లు వాయిదా వేయకండి.

దూరంలో ఉన్నవాళ్లకి గూగుల్ డ్రైవ్ లాంటిది నయం. లింక్ ఉన్న ఎవరైనా చూసేలా పెట్టినా వ్యూయర్‌గానే ఉంచండి, ఎడిటర్ వద్దు. ఆ ఫోల్డర్‌లో తర్వాత వేసినవి కూడా లింక్ ఉన్నవాళ్లందరికీ కనిపిస్తాయని మర్చిపోకండి. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో ఇంటి లొకేషన్ ఉండొచ్చు, కాబట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి తీసేశాకే అప్‌లోడ్ చేయండి. లింక్ పంపే ముందు ఇన్‌కాగ్నిటోలో మీరే తెరిచి చూడండి, బయటివాళ్లకి కనిపించేది అదే.

పని అయ్యాక స్టార్ట్ మెనూలో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద షేర్స్ చూడండి. ఎప్పుడో పెట్టి మర్చిపోయినవి కనిపిస్తాయి. పేరు చివర డాలర్ గుర్తు ఉన్నవి సాధారణంగా విండోస్ తనకోసం పెట్టుకున్నవి, వాటి జోలికి పోవద్దు. మీరు పెట్టినవాటి మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ షేరింగ్ నొక్కండి.