భీమిలి బస్సులు రెండు దారులు

విశాఖ సిటీ నుంచి బస్సులో రుషికొండ వెళ్లాలంటే బోర్డు మీద ‘భీమిలి’ అని కనబడగానే ఎక్కేయకండి, ముందు నంబరు చూడండి. 900కె బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది. 999 కూడా భీమిలికే గానీ మధురవాడ, ఆనందపురం మీదుగా హైవేలో పోతుంది. దాంట్లో కూర్చుంటే రుషికొండ రాదు. మొన్న మా పిన్ని ఇలాగే టిఫిన్ క్యారేజీ చేత్తో పట్టుకుని మధురవాడలో దిగి, టెన్షన్‌గా ఫోన్ చేసింది, పాపం.

900కె దొరికితే కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. సముద్రం అటే. రుషికొండ దగ్గర మలుపు తిరిగేసరికి ఉప్పుగాలి మొహానికి కొడుతుంది, ఎంత హాయిగా ఉంటుందో! తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాల్సిందే, మర్చిపోకండి.