ఓఎస్ మళ్లీ వేశాక కంప్యూటర్ బూట్ అవ్వకపోతే ఏం చేయాలి?

విండోస్ కొత్తగా వేశారు, ఇన్‌స్టలేషన్ పూర్తయి సిస్టమ్ రీస్టార్ట్ అయింది. డెస్క్‌టాప్ రావాల్సిన చోట నల్లటి స్క్రీన్ మీద ‘నో బూటబుల్ డివైస్’ అన్న లైను ఒక్కటే కనిపిస్తోంది. ఇక్కడే టెన్షన్‌తో చాలామంది మళ్లీ మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. అంత పని అక్కర్లేదు. సాధారణంగా ఓఎస్ డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది. అదెక్కడుందో బయోస్‌కి (కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) తెలియదు, అంతే. ముందు స్క్రీన్ మీది మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తప్పు ఎక్కడుందో చాలావరకు దాన్ని బట్టే తెలుస్తుంది.

1. పెన్‌డ్రైవ్ తీసేయండి

ఫైల్స్ కాపీ అయి, రీస్టార్ట్ అయి, మళ్లీ భాష ఎంచుకోమని మొదటి స్క్రీనే వస్తోందా? బూట్ వరుసలో, అంటే ఏ డ్రైవ్‌లో ముందు వెతకాలో చెప్పే జాబితాలో, పెన్‌డ్రైవ్ ముందుందన్నమాట. దాంతోపాటు బయటి హార్డ్ డిస్కులు, మెమరీ కార్డులు కూడా తీసేసి ఆన్ చేయండి.

2. బయోస్‌లో డిస్క్ కనిపిస్తోందా?

పవర్ నొక్కగానే ఎఫ్2 లేదా డిలీట్ కీ వరసగా కొడుతూ ఉండండి. కంపెనీని బట్టి ఎఫ్10, ఎస్కేప్ కూడా ఉంటాయి. డ్రైవ్‌ల జాబితాలో మీ డిస్క్ అసలు లేకపోతే అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. కేబుల్ వదులుగా ఉందేమో, ఎస్‌ఎస్‌డీ స్లాట్‌లో సరిగ్గా కూర్చోలేదేమో చూడాలి. డిస్క్ ఉంటే, బూట్ వరుసలో ‘విండోస్ బూట్ మేనేజర్’ను పైకి తెచ్చి సేవ్ చేయండి.

3. యూఈఎఫ్ఐయా, లెగసీయా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కంప్యూటర్ బూట్ అయ్యే కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ, పాతది లెగసీ. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ ఒక్కోసారి రెండుసార్లు కనిపిస్తుంది, ఒక దాని ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది. అది ఎంచుకుంటే విండోస్ జీపీటీ డిస్క్ (కొత్త తరహాలో విభజించినది) మీదే కూర్చుంటుంది. రెండోది ఎంచుకుంటే ఎంబీఆర్ డిస్క్ (పాత తరహాలో విభజించినది) కావాలంటుంది. మీరు ఒక పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి, బయోస్ ఇంకో పద్ధతిలో వెతుకుతుంటే ఇద్దరూ ఎప్పటికీ కలవరు. బయోస్‌లో ‘సీఎస్‌ఎమ్’ లేదా ‘లెగసీ’ అనే సెట్టింగ్‌ను మార్చి చూడండి. బూట్ అయితే కారణం దొరికినట్టే. విండోస్ 11కి మాత్రం యూఈఎఫ్ఐ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నిబంధన.

ఒక జాగ్రత్త: డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ మార్పుల తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర పెట్టుకున్నాకే సెట్టింగులు ముట్టుకోండి.

4. బూట్ ఫైల్స్ తిరిగి రాయడం

పైవన్నీ సరిగ్గా ఉన్నా బూట్ అవ్వకపోతే పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి, ఈసారి యూఈఎఫ్ఐ ఎంట్రీ నుంచే బూట్ చేయండి. మొదటి సెటప్ స్క్రీన్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కీ కూడా కలపాలి. డిస్క్‌పార్ట్ అని కొట్టి, ‘లిస్ట్ వాల్యూమ్’ ఇవ్వండి. అందులో ఫ్యాట్32 ఫార్మాట్‌లో, సాధారణంగా 100 ఎంబీ దగ్గర ఉండే చిన్న పార్టిషనే (డిస్క్‌లో విడదీసిన భాగం) బూట్ ఫైల్స్ ఉండే చోటు. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32లోనే కనిపించవచ్చు, సైజు చూసి వేరు చేసుకోండి. ‘సెలెక్ట్ వాల్యూమ్’ తర్వాత దాని నంబరు కొట్టి, ‘అసైన్ లెటర్’కు ఎస్ ఇచ్చి, ఎగ్జిట్ అవ్వండి.

ఇక అసలు కమాండ్: బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ. ఈ కమాండ్ ప్రాంప్ట్‌లో మీ సీ డ్రైవ్‌కి డీ అనో ఈ అనో పేరు పడి ఉండొచ్చు. విండోస్ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో చూసుకుని ఆ అక్షరమే ఇవ్వండి. ఫైల్స్ తయారయ్యాయని మెసేజ్ వస్తే పని అయినట్టే. చాలాచోట్ల బూట్‌రెక్, ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టమంటారు కానీ ఫిక్స్‌ఎంబీఆర్ ఎంబీఆర్ డిస్కుల కోసం, జీపీటీ మీద దాంతో ప్రయోజనం ఉండదు.

ఆ ఫ్యాట్32 పార్టిషన్ విండోస్ ఉన్న డిస్క్‌లో లేకుండా రెండో డిస్క్‌లో దొరికితే ఆశ్చర్యపోకండి. ఇన్‌స్టాలర్‌కి అలాంటి పాత పార్టిషన్ కనిపిస్తే బూట్ ఫైల్స్ అందులోనే పెట్టేస్తుంది. ఆ డిస్క్ పీకితే కంప్యూటర్ బూట్ కాదు. అందుకే విండోస్ వేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు తీసేసి ఉంచడం మంచిది.

5. లోగో వచ్చాక ఆగిపోతే

నీలం స్క్రీన్ మీద ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’ అని వస్తే బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగ్) చూడండి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏహెచ్‌సీఐ ఉండి ఇప్పుడు రెయిడ్ లేదా వీఎండీ అయితే పాత సెట్టింగే పెట్టండి.

విండోస్ పక్కన లినక్స్ ఉంటే, రీఇన్‌స్టాల్ తర్వాత ఏ ఓఎస్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ రాదు. యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (పైన చెప్పిన ఫ్యాట్32 పార్టిషన్) చెరపకపోతే గ్రబ్ అక్కడే ఉంటుంది, బూట్ మెనూలో ఉబుంటు లాంటి పేరు ఎంచుకుంటే చాలు. లెగసీలో అయితే విండోస్ దాన్ని చెరిపేస్తుంది. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో గ్రబ్‌ను మళ్లీ వేయాల్సిందే.

సరిచేసిన సెట్టింగులు, బయోస్‌లోని తేదీ కంప్యూటర్ ఆపిన ప్రతిసారీ పోతుంటే మదర్‌బోర్డు మీదున్న బటన్ బ్యాటరీ అయిపోయిందేమో చూడండి. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032.