చిన్ననాటి కలను చేతుల్లోకి తెచ్చుకుని హెయిర్‌స్టైలిస్ట్ అవడం ఎలా?

చిన్నప్పుడు బొమ్మకు జడలు వేసి, ఆ తర్వాత ఇంట్లో దొరికిన ప్రతి తలనూ దువ్విన పిల్లల్లో చాలామంది పెద్దయ్యాక వేరే పనుల్లో పడిపోతారు. కొందరికి మాత్రం ఇప్పటికీ ఎవరి జుట్టు చూసినా చేతులు ఊరుకోవు. మీరూ అలాంటివారైతే ఇరవై ఏళ్లకైనా, నలభై ఏళ్లకైనా మొదలుపెట్టవచ్చు. ఈ వృత్తికి వయసు అడ్డు కాదు, చేతికి సాధన కావాలంతే.

1. ముందు ఒక రోజంతా సెలూన్‌లో ఉండి చూడండి

కోర్సుకు ఫీజు కట్టకముందే ఈ పని చేయండి. యజమాని అనుమతి తీసుకుని, తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఉండండి. కత్తిరింపులతో పాటు నేల ఊడవడం, తువ్వాళ్లు ఉతకడం, దువ్వెనలు శుభ్రం చేయడం, గంటల తరబడి నిలబడటం కూడా కనిపిస్తాయి. సాయంత్రానికి కాళ్లు లాగుతున్నా రేపు మళ్లీ రావాలనిపిస్తే, ఆ కోరికను నమ్మండి.

2. కత్తెర పట్టేముందు జుట్టును చదవండి

నడినెత్తిన సుడి ఎటు తిరిగింది? నుదుటి దగ్గర వెంట్రుకలు ఏ వైపు వాలుతున్నాయి? మెడ వెనక పైకి లేస్తున్నాయా? ఇంట్లోవాళ్ల తలల మీదే ఇవన్నీ గమనించవచ్చు. జుట్టు నెలకు సుమారు ఒకటింపావు సెంటీమీటర్లు పెరుగుతుంది. పొరపాటున 5 సెంటీమీటర్లు ఎక్కువ తీసేస్తే, ఎదుటి మనిషి దాదాపు నాలుగు నెలలు ఎదురుచూడాలి.

తడి వెంట్రుక సాగుతుంది, ఆరాక కుదించుకుంటుంది. ఉంగరాల జుట్టయితే మరీ ఎక్కువ. నేర్చుకునే రోజుల్లో నేను ఒక స్నేహితురాలి నుదుటి మీది జుట్టును తడిగా ఉండగానే సరిగ్గా కనుబొమల దాకా కొలిచి కత్తిరించాను. డ్రయ్యర్ పెట్టగానే అది రెండు వేళ్ల వెడల్పు పైకి లేచిపోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అద్దంలోంచి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నుదుటి జుట్టును కావాల్సినదానికన్నా పొడవుగా వదిలి, ఆరబెట్టాకే సరిచేస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

3. బొటనవేలికి పని నేర్పండి

ఉంగరపు వేలు కత్తెర పిడిలోని ఒక రంధ్రంలో, బొటనవేలి కొస మరో రంధ్రంలో పెట్టండి. ఉంగరపు వేలి వైపు అలుగు కదలకూడదు, బొటనవేలి వైపు అలుగు ఒక్కటే తెరుచుకుని మూసుకోవాలి. కదలని అలుగును బల్ల అంచుకు ఆనించి, రోజూ పది నిమిషాలు ఖాళీగా ఆడించండి. మొదట్లో చెయ్యంతా కదిలిపోతుంది. కొన్ని వారాలకు మణికట్టు నిలకడగా ఉండటం మీకే తెలుస్తుంది.

తర్వాత సాధన కోసం అమ్మే బొమ్మతల తెచ్చుకుని, ఒకే పొడవు కట్‌తో మొదలుపెట్టండి. జుట్టును ఎత్తకుండా కిందికి దువ్వి కత్తిరిస్తే అంచు బరువుగా, తిన్నగా నిలుస్తుంది. తలకు 90 డిగ్రీలలో ఎత్తి పట్టి కత్తిరిస్తే లేయర్లు, అంటే మెట్లుమెట్లుగా వేర్వేరు పొడవులు, వస్తాయి. 1954లో లండన్‌లో సెలూన్ తెరిచిన విడాల్ ససూన్, కడిగి ఆరబెడితే చాలు తనంతట తానే కుదురుకునే కట్‌లతో పేరు తెచ్చుకున్నారు. ఆయన బలమంతా ఈ కోణాలలోనే ఉంది. అందుకే బొమ్మతలల మీద తొందరపడవద్దని నా మాట.

4. శిక్షణలో చేరండి

కోర్సు కావచ్చు, అనుభవజ్ఞుల దగ్గర శిష్యరికం కావచ్చు. చేరేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: బొమ్మలపై కాక, నిజమైన మనుషులకు ఎన్ని కట్‌లు చేయనిస్తారు? చాలాచోట్ల పని చేయడానికి లైసెన్సు తప్పనిసరి కాబట్టి, మీరు ఉండేచోటి నిబంధన కూడా ముందే తెలుసుకోండి. ఉన్న ఉద్యోగం అప్పుడే మానేయకండి, సాయంత్రం తరగతులతో మొదలుపెట్టవచ్చు.

రంగు వేయడం నేర్చుకునేటప్పుడు ఒక నియమం ఎన్నడూ తప్పవద్దు. చాలా రంగుల్లో ఉండే పారాఫెనిలీన్‌డయమైన్ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. కాబట్టి 48 గంటల ముందే చెవి వెనక గానీ, మోచేతి మడతలో గానీ ఆ రంగును కొద్దిగా రాసి చూడాలి.

5. “కొంచెం” అంటే ఎంతో అడగండి

“కొంచెం తీయండి” అన్నప్పుడు ఒకరి మనసులో అర అంగుళం, మరొకరి మనసులో మూడంగుళాలు ఉంటాయి. వేళ్లతో చూపించమనండి, ఫొటో ఉంటే చూడండి. తర్వాత రోజూ జుట్టుకు ఎంత సమయం కేటాయించగలరో అడగండి. పొద్దున్నే అయిదు నిమిషాలు మాత్రమే దొరికే మనిషికి అరగంట డ్రయ్యర్ కోరే కట్ చేయకూడదు.

పని పూర్తయ్యాక చేతి అద్దంతో వెనక భాగం చూపించి, వారు మాట్లాడేదాకా ఆగండి. వారం తర్వాత ఫోను చేసి, ఇంట్లో తలస్నానం చేశాక జుట్టు ఎలా కుదురుకుందో కనుక్కుని, నోటుపుస్తకంలో వారి పేరు పక్కనే రాసుకోండి.