సోమాలీ సముద్ర చరిత్ర ఎలా చదవాలి? వస్తువు దగ్గర మొదలుపెట్టండి

సోమాలియా గురించి వెతికితే ముందు తగిలేవి సముద్రపు దొంగలు, కరువు, యుద్ధం. అవి దాటి లోపలికి వెళ్తే ఒకదానితో ఒకటి పొసగని రెండు కథలు కనబడతాయి. రెండు వేల ఏళ్ల కిందటే ఈజిప్టుతో, అరేబియాతో, మన గుజరాత్ తీరంతో వ్యాపారం నడిపిన రేవుల కథ ఒకటి. ఒంటెల వెంట తిరుగుతూ, చేప తినేవాణ్ణి, ఇనుము కొట్టేవాణ్ణి, తోలు పదును చేసేవాణ్ణి చిన్నచూపు చూసిన సంచార పశుపాలకుల కథ ఇంకొకటి. చాలామంది తమకు నచ్చింది పట్టుకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తారు. ఒకరు "గొప్ప నావికా జాతి" అని వీడియో చేస్తారు, ఇంకొకరు "సముద్రమంటే గిట్టని ఎడారి జనం" అని రాస్తారు. నా ఉద్దేశంలో రెండూ కలిపి చదివితేనే ఏదైనా అర్థమవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం అది ఎలాగో చెప్తాను.

వస్తువు దాకా వెళ్లేముందు గాలిని చూడండి. ఆఫ్రికా కొమ్ము మ్యాప్ ఒకటి తెరిచి దాని మీద నెలలు రాసుకోండి. నవంబర్ నుంచి మార్చి దాకా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, అంటే మన పడమటి తీరం నుంచి ఓడలు తెరచాప ఎత్తుకుని అటు దిగివెళ్లే కాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి. ఆ తీరం పక్కగా అది ఎంత ఉధృతంగా వీస్తుందంటే వాతావరణ శాస్త్రంలో దానికి సోమాలీ జెట్ అని పేరే ఉంది, మన పొలాలకు తొలకరి మోసుకొచ్చే గాలి కూడా అదే. ఆ నెలల్లో చిన్న పడవలు ఒడ్డెక్కేస్తాయి, రేవులు మూతపడతాయి.

ఇప్పుడు ఆ క్యాలెండర్ మీద సోమాలీ ఉత్తర తీరపు రేవు బెర్బెరాలో జరిగే సంతను పెట్టి చూడండి. 1850ల్లో రిచర్డ్ బర్టన్ లాంటి బ్రిటిష్ యాత్రికులు చూసి వర్ణించిన ఈ సంత అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్‌కి ముగిసేది. లోపలి నుంచి, హరర్, ఒగాడెన్ వైపు నుంచి ఒంటెల బిడారులు, సముద్రం మీదుగా అరబ్బులు, గుజరాతీ బనియాలు వచ్చేవాళ్లు. సంత అయిపోయిందంటే ఊరే ఉండేది కాదు, గుడిసెలు విప్పి ఒంటెల మీద వేసుకుని జనం వెళ్లిపోయేవాళ్లు. బయటి వర్తకుడు ఎవరైనా అక్కడ కాలు పెట్టాలంటే స్థానిక వంశానికి చెందిన ఒక అబాన్ కావాలి. అతనే పూచీదారు, అతనే మధ్యవర్తి, తన మనిషికి హాని జరిగితే అది తన పరువుకు జరిగినట్టే. కాబట్టి "సముద్రపు సోమాలీలు", "ఒంటెల సోమాలీలు" అని రెండు జాతులను ఊహించుకోకండి. ఒకే వంశంలో ఒకడు రేవులో అబాన్, వాడి తమ్ముడు లోపల మందతో.

ఆ తర్వాత పెరిప్లస్ చదవండి. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో, ఈజిప్టులో ఉండే గ్రీకు మాట్లాడే వర్తకుడు ఒకడు రాసుకున్న సముద్ర మార్గదర్శిని అది, చిన్న పుస్తకం, ఒక సాయంత్రంలో అయిపోతుంది. అందులో మలావో అంటే దాదాపుగా ఇప్పటి బెర్బెరా, ఒపోనె అంటే హాఫూన్, సుగంధాల కొన అంటే గార్డఫుయి అగ్రం. అక్కడి నుంచి వెళ్లే సరుకు ఫ్రాంకిన్సెన్స్ అనే సాంబ్రాణి జాతి బంక, బోళం, తాబేటి చిప్ప, దంతం, ఇంకా మనుషులు కూడా, బానిసలుగా. దాన్ని దాటేయకండి. మన వైపు నుంచి, భరూచ్ నుంచి, ఆ రేవులకు వెళ్లే సరుకుల జాబితా చూస్తే మాత్రం నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది: గోధుమలు, బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు బట్ట, రెల్లు నుంచి తీసే తేనె, అంటే చెరకు తీపి. అదే పుస్తకం మన కృష్ణా తీరాన్ని మసాలియా అని పిలిచి అక్కడ సన్నని నూలు బట్ట విరివిగా తయారవుతుందని చెబుతుంది. ఆ బట్ట సోమాలీ రేవులకు చేరిందని మాత్రం అందులో లేదు, అందుకని మనవాళ్ల పేరు అక్కడ ఇరికించకండి.

సోమాలీ రేవుల గురించి చెప్పే భాగం చివర ఒక చిన్న మాట ఉంది, అండర్‌లైన్ చేసుకోండి: ఈ దేశానికి రాజు లేడు, ఒక్కో రేవుకు దాని పెద్ద దానికే. రాజు, కోట, శాసనం కోసం వెతికేవాళ్లకు ఇక్కడ నిరాశే. పెంకులు చూడాలి. 1975లో పురావస్తు పరిశోధకుడు నెవిల్ చిట్టిక్ బృందం హాఫూన్‌లో ఏరిన కుండ పెంకుల్లో మధ్యధరా వైపువి, పర్షియా వైపువి, భారతదేశంవి అన్నీ కలిసి దొరికాయి.

ఇక్కడొక హెచ్చరిక. రేవుల గురించి మనకున్న ఆధారం రెండు వేల ఏళ్ల నాటిది. చేతిపనుల మీద చిన్నచూపు గురించి మనకున్న వివరమైన ఆధారం ఎక్కువగా 19, 20 శతాబ్దాలది. ఈ రెంటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టేసి "ప్రాచీన సోమాలీలు చేతిపనిని అసహ్యించుకునేవారు" అని రాస్తే అది చరిత్ర కాదు. ఏ మాట ఏ శతాబ్దానిదో మార్జిన్‌లో రాసుకుంటూ చదవండి. విసుగ్గా ఉంటుంది కానీ ఈ సబ్జెక్ట్‌లో సగం తప్పులు దీనివల్లే పోతాయి.

ఇప్పుడు అసలు పద్ధతి. ఒక వస్తువు తీసుకోండి, అది ఎవరు చేశారు, దేంతో చేశారు, చేసినవాడితో మిగతావాళ్లు కలిసి తిన్నారా, పిల్లనిచ్చారా అని అడగండి.

పడవతో మొదలుపెడదాం. ఆ తీరపు పడవ పేరు బెదెన్, వెనక దూలం నిటారుగా ఎత్తుగా ఉంటుంది. పాతవాటిలో పలకలను మేకులతో కొట్టకుండా కుట్టేవాళ్లు. పలక అంచు పొడవునా వరసగా చిల్లులు వేస్తారు, రెండు పలకల అంచులు కలిపి ఆ సందు మీద పీచు దట్టించి, దాని మీదుగా తాడును ఆ చిల్లులోంచి ఈ చిల్లులోకి లాగి బిగిస్తారు, తర్వాత చిల్లుల్లో చెక్క బిరడాలు కొట్టి నీళ్లు రాకుండా చేస్తారు, పైన సొరచేప నూనె లాంటిది పూస్తారు. తాడు ఏటా కొంత చివికిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కుట్టాల్సిందే. కుట్టిన పడవ అలకు కాస్త వంగుతుంది, ఇసుక మీదికి లాగినా పగలదు, రేవు కట్టడమే లేని తీరానికి అంతకంటే ఏం కావాలి? మన కోరమండల్ తీరపు మసూలా పడవ కూడా కుట్టిందే, అదే కారణంతో. పడమటి హిందూ మహాసముద్రంలో పడవల టేకు, కొబ్బరి పీచు తాడు చాలావరకు మలబారు నుంచి వెళ్లేవి, అంటే ఒక బెదెన్ కుట్టాలంటే ముందు సముద్రం దాటిన వ్యాపారం ఉండాలి.

ఇంత నేర్పున్న పని చేసేవాళ్ల పేర్లు వంశావళి పాటల్లో ఎక్కడున్నాయి? ఉండవు. సోమాలీ పశుపాలకుల మౌఖిక కవిత్వం అద్భుతమైనది, అందులో ఒంటె ఉంటుంది, గుర్రం ఉంటుంది, నీళ్ల బావి ఉంటుంది, పగ ఉంటుంది. పడవ కుట్టినవాడు మాత్రం అరుదు. "చేపలు తినే ఆ నోటితో నాతో మాట్లాడకు" అనేది పశుపాలకుల నోట తరచూ వినబడే తిట్టని బర్టనే రాసుకున్నాడు. తీరం మీద బతికేవాళ్ల గురించి లోపలివాళ్లు చెప్పే మాటలే మనకు మిగిలాయి కాబట్టి, ఆ మాటల్ని సాక్ష్యంగా వాడండి, తీర్పుగా వాడొద్దు.

రెండో వస్తువు, కత్తి. సోమాలీ ఉత్తరాన ఉన్న సనాగ్, బారి కొండల్లో ఫ్రాంకిన్సెన్స్ చెట్టు బెరడును మింగాఫ్ అనే చిన్న పనిముట్టుతో గీస్తారు, పాలు కారి గట్టిపడ్డాక మళ్లీ వచ్చి గీరి తీసుకుంటారు. చెట్లు కుటుంబాల ఆస్తి, తాత నుంచి మనవడికి వస్తాయి. ఆ వ్యాపారం గొప్పది, చెట్టున్నవాడు గౌరవనీయుడు. మరి ఆ పనిముట్టు ఇనుము, ఈటె మొన, గొడ్డలి ఎవరు కొట్టారు? తుమాల్ అనే కమ్మరులు. వాళ్లకు పిల్లనివ్వరు. తోలు పని, వేట చేసే గబోయె వాళ్లకు, తాయెత్తులు కట్టే యిబిర్ వాళ్లకు కూడా అంతే. ఈ కుటుంబాలు ఏదో ఒక పెద్ద వంశాన్ని అంటిపెట్టుకుని, దాని రక్షణలో బతికేవి. గబోయె వాళ్లకు పాత పుస్తకాల్లో మిద్గాన్ అనే పేరు కనబడుతుంది, అది ఇప్పుడు తిట్టు, మీరు వాడకండి.

మూడో వస్తువు పాలకుండ, అన్నింటికంటే నాకు ఇష్టమైనది. నార, వేళ్ల పీచుతో ఎంత బిగువుగా అల్లుతారంటే అందులో పాలు పోస్తే చుక్క కారదు. మండే కట్టెతో లోపల పొగ పెడతారు, దాంతో పాలు నిలవ ఉంటాయి, ఓ రుచి కూడా వస్తుంది. ఇవి అల్లేది పెద్ద వంశాల ఆడవాళ్లే. అఖల్ అనే మడిచే ఇంటిని, దాని చాపలతో సహా, కట్టేదీ విప్పేదీ వాళ్లే. మగవాళ్లు ఒంటె మెడలో వేసే చెక్క గంట, తలకింద పెట్టుకునే చెక్క దిండు చెక్కుతారు, దాన్ని ఎవరూ తక్కువ చేసి చూడరు. కాబట్టి "సంచారులు చేతిపనిని ఏవగించుకుంటారు" అనే వాక్యం అలా మొత్తంగా రాస్తే నిలబడదు. సొంత ఇంటికి, సొంత మందకు చేసుకునే పని గౌరవమే. ఇతరుల కోసం చేసి దానిమీద బతికే పని, ముఖ్యంగా ఇనుము, తోలు, అదే చిన్నచూపుకు గురైంది. ఆ సమాజంలో మనిషి విలువ అతని ఒంటెల్లో, అతని వెనక నిలబడే బంధువుల్లో ఉంది. కొలిమి ముందు కూర్చున్నవాడికి ఆ రెండూ తక్కువని లెక్క.

కరువులో ఒక అన్నదమ్ముడు చచ్చిన జంతువు మాంసం తిన్నాడు, అతని సంతతే ఈ వెలివేసిన కుటుంబాలు అని ఒక పుట్టుక కథ చెబుతారు. దాన్ని చరిత్రగా తీసుకోకండి, వేరు చేసినదాన్ని సమర్థించుకునే కథ అది. అదే జనం నమ్మే ఖురాన్‌లో ఇనుమును మెత్తబరిచి కవచాలు చేసే విద్య దావూద్ ప్రవక్తకు దేవుడే ఇచ్చాడని ఉంది. మతం పొగిడిన పనిని సమాజం వెలివేసింది.

తెలుగువాళ్లం ఇది చదవగానే కులం గుర్తొస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? పోలిక పనికొస్తుంది కానీ కొలత పెట్టుకుని వాడండి. మన కమ్మరికి పల్లె ఉంది, పంటలో మేర ఉంది, వెలివేతకు శాస్త్రం అడ్డుపెట్టారు. అక్కడ స్థిరమైన పల్లె లేదు, శాస్త్రం లేదు, అయినా పెళ్లి దగ్గర తలుపు అంతే గట్టిగా మూసుకుంది. ఆ తేడా దగ్గరే ఎక్కువ నేర్చుకోవచ్చు.

అంతటా ఒకేలా ఉందనుకోకండి. అరబ్బు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1331లో ఉత్తర తీరపు రేవు జైలాకు వెళ్తే చేపల కంపు, వీధుల్లో కోసిన ఒంటెల నెత్తురు భరించలేక రాత్రి ఓడలోనే పడుకున్నాడు. అక్కడి నుంచి మొగదిషు వెళ్తే ఆయనకు తాంబూలం ఇచ్చి, నేతితో వండిన అన్నం, ఊరేసిన నిమ్మకాయలు, పచ్చి అల్లం, మామిడి పెట్టారు. (ఆ భోజనం వర్ణన చదివి ఆకలి వేయని తెలుగువాడు ఉండడు.) ఆ ఊళ్లో నేసే బట్ట ఈజిప్టుకు ఎగుమతి అవుతుందని కూడా రాశాడు. అంటే బెనాదిర్ అనే ఈ మొగదిషు వైపు తీరపు పట్నాల్లో మగ్గం ఊరి సంపద. తీరం పొడవునా ఒక్కో చోట లెక్క ఒక్కోలా ఉందన్నమాట, కాబట్టి మీరు ఏ ఊరి గురించి రాస్తున్నారో ముందు తేల్చుకోండి.

చివరగా ఈ పద్ధతిని ఇటీవలి కాలం మీద పరీక్షించి చూడండి. 1974-75 కరువులో మందలు పోగొట్టుకున్న సంచారులను లక్షకు పైగా ప్రభుత్వం తరలించి, కొందరిని పొలాల్లో, ఇంకొందరిని బరావా, ఎయిల్ లాంటి తీరపు ఊళ్లలో చేపలవేటకు పెట్టింది. వానలు పడ్డాక చాలామంది మగవాళ్లు మళ్లీ మందల వైపు వెళ్లిపోయారు, కొందరు సముద్రం దగ్గరే ఉండిపోయారు. దీని మీద ఏ వ్యాసం దొరికినా, పథకం గెలిచిందా ఓడిందా అనే పేజీలు తర్వాత చదవొచ్చు. వాళ్లకు వల వేయడం ఎవరు నేర్పారు, పడవ చెడితే ఎవరి దగ్గరికి వెళ్లారు, ఆ నేర్పినవాళ్లను ఏ పేరుతో పిలిచారు, ఇవి ఎక్కడైనా రాసి ఉన్నాయేమో ముందు అది వెతకండి.