బడి ఇచ్చిన ల్యాప్‌టాప్ – 3వ పాఠం: ఊరి పేరు కొట్టడం

పోయిన పాఠంలో లాగిన్ అయి, పాస్‌వర్డ్ మార్చుకుని, ఫైలు సేవ్ చేయడం దాకా వచ్చాం. ఇవాళ తెలుగు. మీ చేతిలో ఉన్నది విండోస్ 11 అనుకుని చెబుతున్నా.

బడి ల్యాప్‌టాప్‌లో మన ఇష్టమొచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వరు. తెలుగుకు ఆ అవసరమూ లేదు, కీబోర్డు విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, దాంట్లో ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’, అక్కడ ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ నొక్కి తెలుగు ఎంచుకోండి. అక్కడా తాళం పడి ఉంటే కంప్యూటర్ సార్‌ను అడగాల్సిందే. తర్వాత విండోస్ మీట పట్టుకుని స్పేస్ కొడితే తెలుగు, మళ్లీ కొడితే ఇంగ్లిషు.

ఫొనెటిక్ కీబోర్డు కూడా కనిపిస్తుంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేయొచ్చు కాబట్టి మొదటిరోజు హాయిగానే ఉంటుంది. నేను మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్పుతాను, అంటే మన దేశ భాషల అక్షరాలను ఒకే వరసలో మీటల మీద పెట్టిన కీబోర్డు. అందులో ‘క’ ఉన్న మీట మీదే కన్నడ ‘క’, హిందీ ‘క’ కూడా ఉంటాయి. నారాయణపేట దిక్కు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకు ఒకటి నేర్చుకుంటే రెండూ వచ్చినట్టే.

ముందు తేలికైన పేరు, పాలమూరు. మీటలు వరసగా: హెచ్, ఈ, ఎన్, సి, టి, జె, జి. ప, దీర్ఘం, ల, మ, ఊత్వం, ర, ఉత్వం. అక్షరం ముందు, గుణింతం తర్వాత, నోటితో పలికినట్టే.

ఇప్పుడు నల్లగొండ. ఇక్కడే అందరూ ఆగిపోతారు. ‘ల’ కింద ఒత్తు ఏ మీట మీద ఉందని కీబోర్డంతా గాలిస్తారు. ఒత్తుకు మీట లేదు! డి నొక్కితే పొల్లు వస్తుంది. ‘ల’ కొట్టి, పొల్లు పెట్టి, మళ్లీ ‘ల’ కొడితే రెండోది తనంతట తానే కిందికి దిగుతుంది. వి, ఎన్, డి, ఎన్, ఐ, ఆపైన 1కి ఎడమ పక్క మీట, ఎక్స్, చివర పి పక్కన కుడివైపు మీట. ‘నల్గొండ’ అని రాసేవాళ్లకు ఒక మీట తక్కువ, నాకైతే ఆ ‘ల్ల’ ఉంటేనే పేరు నిండుగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. తెలుగులో ఉండగా ల్యాప్‌టాప్ లాక్ చేస్తే, తిరిగి తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ కూడా తెలుగులో పడొచ్చు. అక్కడ చుక్కలే తప్ప అక్షరాలు కనబడవు, సరిగ్గా కొట్టినా తప్పంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయానని సార్ దగ్గరికి ఉరకకముందు, కింద మూలలో ఏ భాష ఉందో చూడండి.

ఇంటిపని: గద్వాల, అచ్చంపేట. మీటల వరస ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత కొట్టండి. పదం మొదట్లో వచ్చే ‘అ’కు షిఫ్ట్ పట్టుకుని డి నొక్కాలి. ‘చ’, ‘ట’ పక్కపక్క మీటల మీదే ఉన్నాయి, ఎల్‌కు కుడివైపు వెతకండి.

ఈ రెండూ వచ్చాక పాలమూరు జిల్లా పెద్ద పేరు కొట్టి చూడండి. ‘బ’ కింద ‘న’ వేలాడుతూ ‘మహబూబ్నగర్’ అని వస్తుంది. మీ తప్పేమీ లేదు, పొల్లు తన పని తాను చేసింది. ఆ రెంటినీ విడదీయడం 4వ పాఠంలో.